శిక్ష అంటే దెబ్బా, చదువా? తల్లిదండ్రుల అధికారం, పిల్లల క్రమశిక్షణపై క్రైస్తవ దృక్పథాలు

బరంపురంలో పెరిగే తెలుగు పిల్లలకు 'శిక్ష' అనే మాట రెండు రకాలుగా వినిపిస్తుంది. ఇంట్లో తెలుగులో శిక్ష అంటే తప్పు చేసినందుకు పడే దండన. వీధిలోకి వచ్చి ఒడియా బోర్డులు చదివితే అదే మాటకు చదువు అని అర్థం. పాఠశాలల శాఖ పేరులో 'గణశిక్షా' ఉంది, పదో తరగతి పరీక్షలు పెట్టే బోర్డు పేరు 'మాధ్యమిక శిక్షా పరిషద', పాఠం చెప్పే మాస్టారు 'శిక్షక'. ఒక్క మాటే, సంస్కృతం నుంచే రెండు భాషల్లోకీ వచ్చింది. ఒడియా దాని పాత అర్థాన్ని నిలుపుకుంది. తెలుగులో ఆ అర్థం 'శిక్షణ', 'క్రమశిక్షణ' అనే మాటల్లో మిగిలి, 'శిక్ష' మాత్రం దెబ్బ వైపు వెళ్ళిపోయింది.

ఇది మాటల ముచ్చటతో ముగిసే సంగతి కాదు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పిల్లల పెంపకం గురించి ఎక్కువగా వినిపించే వచనం ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం 4వ వచనం. పిల్లలను ఎలా పెంచాలో తండ్రులకు చెబుతున్న చోట తెలుగు బైబిలు వాడిన మాట 'శిక్ష'. దాన్ని దెబ్బ అని చదివిన ఇంట్లో పెంపకం ఒక తీరుగా ఉంటుంది, చదువు అని చదివిన ఇంట్లో మరో తీరుగా ఉంటుంది. ఈ విషయంలో బైబిలు ఏమంటోంది, సంఘాలు చరిత్రలో ఏం చెప్పాయి, ఈనాటి చట్టం ఎక్కడ గీత గీసింది, మన ఇళ్ళలో పరిస్థితి ఏమిటి అనేవి ఈ వ్యాసంలో చూద్దాం.

గంజాం, బరంపురంలో నేపథ్యం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. అందుకే ఇక్కడి క్రైస్తవ సంఘాలకు రెండు వైపుల నుంచీ వేర్లు ఉన్నాయి. ఉత్తరం నుంచి వచ్చింది ఇంగ్లండుకు చెందిన జనరల్ బాప్టిస్టు మిషన్. వాళ్ళు 1822లో కటక్ చేరుకుని, తర్వాత బరంపురంలో పని మొదలుపెట్టారు. 1827 డిసెంబరు 25న మిషనరీ విలియం బాంప్టన్ బరంపురంలో బాప్తిస్మమిచ్చిన వ్యక్తి ఒక తెలుగువాడు. మిషన్ చరిత్రల్లో ఆయన పేరు 'ఎరున్' అని కనిపిస్తుంది. ఒడియా వారిలో తొలి విశ్వాసిగా చెప్పుకునే గంగాధర్ సారంగి బాప్తిస్మం కటక్‌లో జరిగింది ఆ మరుసటి ఏడాది 1828లో.

దక్షిణం నుంచి వచ్చింది కెనడియన్ బాప్టిస్టు మిషన్. 1874లో కాకినాడలో మొదలైన ఆ పని ఉత్తరాంధ్ర మీదుగా టెక్కలి, సోంపేట, పర్లాకిమిడి వరకు విస్తరించింది. కతోలికుల విషయానికి వస్తే, బరంపురం 1974లో ప్రత్యేక మేత్రాసనం అయింది. పశ్చిమాన కొరాపుట్ వైపు జెయ్‌పూర్ కేంద్రంగా లూథరన్ సంఘం ఉంది. బ్రిటిష్ బాప్టిస్టులు స్థాపించిన సంఘాల్లో కొన్ని 1970లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో కలిశాయి. ఇటీవలి దశాబ్దాల్లో పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు పెరిగాయి.

తల్లిదండ్రుల అధికారం అనే ప్రశ్న ఈ ప్రాంతపు సంఘ చరిత్రలో మొదటి రోజుల నుంచే ఉంది. తొలి తరం విశ్వాసుల్లో చాలామందికి బాప్తిస్మం అంటే అమ్మానాన్నల మాట, కులపెద్దల మాట కాదనడమే. అదే కాలంలో పెద్దవాళ్ళే లేని పిల్లలు కూడా మిషన్ చేతికి వచ్చారు. గంజాం కొండ ప్రాంతాల్లో కొంధుల 'మెరియా' నరబలి ఆచారాన్ని ఆపడానికి 1830ల నుంచి బ్రిటిష్ అధికారులు సాగించిన చర్యల్లో విడిపించిన పిల్లల్లో కొందరిని బరంపురం, కటక్ మిషన్ అనాథ పాఠశాలలకు అప్పగించారు. కన్నవారు కానివారు కన్నవారి స్థానంలో నిలబడినప్పుడు వారికి ఎంత అధికారం ఉండాలి అనే ప్రశ్న అక్కడ మొదలై, తర్వాతి మిషన్ బోర్డింగుల్లోనూ, నేటి హాస్టళ్ళలోనూ కొనసాగుతోంది.

సన్మానించమన్న ఆజ్ఞ ఎవరికి?

పది ఆజ్ఞల్లో తల్లిదండ్రులను సన్మానించాలన్నది ఒకటి (నిర్గమకాండము 20:12). ఇది ఎన్నో ఆజ్ఞ అన్న దాంట్లోనే సంఘాల మధ్య తేడా ఉంది. బాప్టిస్టులు, పెంతెకొస్తు వారు, ఇతర ప్రొటెస్టెంట్లు ఎక్కువ మంది దీన్ని ఐదోదిగా లెక్కిస్తారు. కతోలికులకు, లూథరన్లకు ఇది నాలుగోది. మొదటి ఆజ్ఞలను విడదీసే పద్ధతి వేరు కావడం వల్ల వచ్చిన తేడా ఇది. ఆజ్ఞలోని విషయం మాత్రం ఒక్కటే.

ఈ ఆజ్ఞను మనం చిన్నపిల్లల చేత వల్లె వేయిస్తాం. అసలు అది మొదట చెప్పింది పెద్దవాళ్ళకు. మిగిలిన ఆజ్ఞల్లో వ్యభిచారం, దొంగతనం, అబద్ధ సాక్ష్యం ఉన్నాయి. అవి వయసొచ్చిన మనుషులతో చెప్పే మాటలు. వయసుడిగిన తల్లిదండ్రులను గౌరవంగా చూసుకోమన్నది ఆ ఆజ్ఞలో ప్రధానమైన భాగం. మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసు దీన్నే ఎత్తి చూపాడు. తల్లిదండ్రులకు ఇవ్వాల్సిన సొమ్మును 'కొర్బాను', అంటే దేవునికి అర్పితం అని చెప్పి తప్పించుకునే వారిని ఆయన గట్టిగా మందలించాడు. భక్తి పేరు చెప్పి ముసలి తల్లిదండ్రుల బాధ్యత వదులుకోవడం ఆజ్ఞను మీరడమే అన్నది ఆయన మాటల సారం.

ఇంకో సంగతి, ఆజ్ఞలో తండ్రితో పాటు తల్లినీ సమానంగా చేర్చారు. సామెతలు 1:8లో కూడా తండ్రి ఉపదేశంతో పాటు తల్లి బోధ ఉంది. ఇంటి అధికారం తండ్రి ఒక్కడిదే అన్న మాటకు ఈ వచనాలు ఒప్పుకోవు.

పౌలు రాసిన రెండు వైపులు

ఎఫెసీయులు 6:1–4లో నాలుగు వచనాలు ఉన్నాయి. మొదటి మూడూ పిల్లలకు: తల్లిదండ్రులకు లోబడాలి, అది న్యాయం, దానికి వాగ్దానం కూడా ఉంది. నాలుగోది తండ్రులకు: పిల్లలకు కోపం రేపవద్దు, ప్రభువు మార్గంలో పెంచాలి. కొలొస్సయులు 3:20–21లోనూ ఇదే వరస. అక్కడ కారణం కూడా చెప్పాడు, పిల్లల మనసు కుంగిపోకూడదని.

ఆ కాలపు రోమా చట్టంలో కుటుంబ పెద్దకు పిల్లల మీద చావుబతుకుల అధికారం వరకు ఉండేది. బిడ్డ పెరిగి పెద్దవాడైనా తండ్రి బతికున్నంత కాలం ఆ అధికారం కిందే ఉండేవాడు. పిల్లలు లోబడాలని చెప్పడం ఆనాడు కొత్త కాదు, ప్రతి ఇంట్లో ఉన్న మాటే. తండ్రికి కూడా ఒక హద్దు ఉందని, పిల్లవాడి కోపం, నిరుత్సాహం తండ్రి పట్టించుకోవలసిన విషయాలని అదే పత్రికలో, పిల్లలు వింటుండగా చదివించడం కొత్త. మన ఇళ్ళలో మొదటి మూడు వచనాలు పిల్లలకు కంఠతా వస్తాయి. నాలుగో వచనం ఎంతమంది తండ్రులకు కంఠతా వస్తుందన్నది ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న.

ఇప్పుడు 'శిక్ష' దగ్గరికి వద్దాం. ఇక్కడ గ్రీకు మూలంలో ఉన్న మాట 'పైదెయా'. పిల్లవాడు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది ఇది. గ్రీకుల్లో పిల్లవాడిని మనిషిగా తీర్చిదిద్దే మొత్తం ప్రక్రియకు, అంటే చదువు, నడవడి, అలవాట్లు, సరిదిద్దడం అన్నిటికీ కలిపి ఆ పేరు. తెలుగు బైబిల్లోనే ఇతర చోట్ల చూస్తే ఈ అర్థం తేటపడుతుంది. 2 తిమోతి 3:16లో లేఖనం నీతి విషయంలో 'శిక్ష' చేయడానికి పనికొస్తుందని ఉంది. అక్కడ దెబ్బ అనే అర్థం అతకదు. అపొస్తలుల కార్యములు 22:3లో పౌలు గమలీయేలు దగ్గర తాను 'శిక్షితుడ'నని చెప్పుకుంటాడు. తెలుగువాడికి అది కొంచెం వింతగా వినిపిస్తుంది. 'శిక్షిత' అంటే చదువుకున్నవాడు అని తెలిసిన బరంపురం వాడికి వెంటనే అర్థమవుతుంది.

అయితే రెండో వైపూ చెప్పాలి. లూకా 23:16లో యేసును 'శిక్షించి' వదిలేస్తానని పిలాతు అన్న చోట కూడా గ్రీకులో అదే క్రియ ఉంది. అక్కడ దాని అర్థం కొట్టించడమే. హెబ్రీయులు 12వ అధ్యాయంలో దేవుడు తన పిల్లలను సరిదిద్దడం గురించి చెబుతూ ఆ మాటను నొప్పితో ముడిపెట్టారు. కాబట్టి పైదెయాలో దండన అసలు లేదని అనడం సరికాదు. దండన అందులో ఒక చిన్న భాగం. ఆ చిన్న భాగమే మొత్తం అనుకోవడం వల్ల పొరపాటు జరుగుతోంది.

బెత్తం వచనాలు

పిల్లలను కొట్టడాన్ని సమర్థించేవారు సాధారణంగా చూపించేది సామెతల గ్రంథాన్ని: 13:24, 22:15, 23:13–14, 29:15. బెత్తం వాడని తండ్రికి కొడుకుపై ప్రేమ లేదని, బెత్తం పిల్లవాడి మూర్ఖత్వాన్ని పోగొడుతుందని వీటి భావం. ఈ వచనాలను క్రైస్తవులు మూడు రకాలుగా చదువుతున్నారు.

మొదటిది, ఉన్నది ఉన్నట్టు తీసుకునే పద్ధతి. కోపంతో కాకుండా, ముందుగా చెప్పి, ప్రేమతో, గాయం కాకుండా కొట్టడం తల్లిదండ్రుల బాధ్యత అని వీరంటారు. అమెరికన్ రచయిత జేమ్స్ డాబ్సన్ 1970లో రాసిన 'డేర్ టు డిసిప్లిన్' పుస్తకం ఈ ఆలోచనను ప్రపంచమంతా వ్యాపింపజేసింది.

రెండోది, బెత్తాన్ని కాపరి కర్రగా చదివే పద్ధతి. హీబ్రూలో ఇక్కడున్న మాట 'షేబెత్'. 23వ కీర్తనలో కాపరి చేతిలో ఉండి ఆదరణ ఇచ్చే కర్రకూ అదే మాట. తెలుగు బైబిలు ఆ కీర్తనలో 'దుడ్డుకఱ్ఱ' అని, సామెతల్లో 'బెత్తము' అని వేర్వేరుగా పెట్టడంతో రెండూ ఒకటేనని తెలుగు పాఠకుడికి తెలిసే దారి లేకపోయింది. కాపరి కర్ర గొర్రెను దారి మళ్ళించడానికి, తోడేలును తరమడానికి. ఈ వివరణలో నిజం ఉంది, కానీ అది పూర్తిగా సరిపోదు. 23:13లో కొట్టడం గురించి నేరుగానే ఉంది.

మూడోది, సామెతను సామెతగా చదవాలనే పద్ధతి. సామెత అనేది చట్టం కాదు, ఆ కాలపు జీవితానుభవం. అదే గ్రంథం పెద్దవాళ్ళైన మూర్ఖుల వీపుకు కూడా బెత్తం తగునని చెబుతుంది (26:3). దాన్ని ఈనాడు ఎవరూ ఆజ్ఞగా తీసుకోరు. ఆ సామెతల ఉద్దేశం పిల్లవాడిని పట్టించుకోకుండా వదిలేయవద్దని. ఏ సాధనంతో సరిదిద్దాలన్నది కాలాన్ని బట్టి మారవచ్చని వీరంటారు.

ఏ పద్ధతిలో చదివినా మూడు వర్గాలూ ఒప్పుకునే హద్దులు సామెతల్లోనే ఉన్నాయి. కొడుకును సరిదిద్దేటప్పుడు అతని నాశనం కోరవద్దని 19:18 హెచ్చరిస్తుంది. తెలివిగల వాడికి ఒక మందలింపు చేసే మేలు మూర్ఖుడికి నూరు దెబ్బలు చేయలేవని 17:10 చెబుతుంది. ఇంట్లో బెత్తం తీసే ముందు ఈ రెండో వచనం గుర్తు చేసుకోవడం మంచిది. ఎందుకంటే అది నూరు దెబ్బల ఫలితం మీద బైబిలు స్వయంగా చెప్పిన అభిప్రాయం.

అధికారానికి పై అధికారం

బైబిల్లో తల్లిదండ్రుల అధికారం పెద్దదే, కానీ సొంతం కాదు, అప్పగించినది. దీనికి కఠినమైన ఉదాహరణ ద్వితీయోపదేశకాండము 21:18–21. మొండి కొడుకుకు మరణశిక్ష అని అక్కడ ఉంది. చదివితే భయం వేస్తుంది. కానీ అక్కడ తండ్రి తన చేతుల్లోకి చట్టం తీసుకోవడానికి వీల్లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి ఊరి పెద్దల ముందుకు తీసుకురావాలి. తండ్రి ఇష్టానికే వదిలేసిన ఆనాటి లోకంలో అది అధికారాన్ని తగ్గించిన నియమం. అలాంటి శిక్ష ఎన్నడూ అమలు కాలేదని, ఇక అమలు కాబోదని యూదుల తాల్ముదులో ఒక అభిప్రాయం నమోదైంది.

లూకా 2వ అధ్యాయంలో పన్నెండేళ్ళ యేసు తల్లిదండ్రులకు చెప్పకుండా దేవాలయంలో ఉండిపోతాడు. వాళ్ళు మూడు రోజులు వెతుకుతారు. తన తండ్రి పని మీద ఉండాలని ఆయన జవాబిస్తాడు, ఆ వెంటనే వారితో నజరేతుకు వెళ్ళి వారికి లోబడి ఉంటాడు. దేవుడు ముందు అన్నదీ, అమ్మానాన్నలకు లోబడి ఉండటమూ ఒకే కథలో ఉన్నాయి. తల్లి కూడా కొట్టలేదు, ఎందుకిలా చేశావని అడిగింది, తాము పడ్డ బాధ చెప్పింది.

ఈ రెంటినీ కలిపి చాలా సంఘాలు చెప్పే సూత్రం ఇది: తప్పు పని చేయమని చెబితే తప్ప తల్లిదండ్రుల మాట వినాలి. కతోలిక సంఘపు సత్యోపదేశం (1992) దీన్ని స్పష్టంగా చెప్పింది. ఇంట్లో ఉన్నంతకాలం పిల్లలు తల్లిదండ్రులకు విధేయులు కావాలి. ఒక ఆజ్ఞ నైతికంగా తప్పని అంతరాత్మకు తెలిస్తే పాటించకూడదు. స్వతంత్రులయ్యాక విధేయత ముగుస్తుంది, గౌరవం ముగియదు.

పెళ్ళి విషయంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం 21 ఏళ్ళు నిండని వారి పెళ్ళికి తండ్రి సమ్మతి, ఆయన లేకపోతే సంరక్షకుల సమ్మతి కోరింది. ఆ వయసు దాటాక ఈ చట్టం ప్రకారం ఆ సమ్మతి అవసరం లేదు. అమ్మానాన్నల ఆశీర్వాదం కోరడం గౌరవం. అది ఇవ్వకపోవడాన్ని ఆయుధంగా వాడితే మాత్రం పౌలు చెప్పిన కోపం రేపడం కిందికే వస్తుంది.

పట్టించుకోకపోవడమూ తప్పే

బైబిలు అధికారం అతిగా వాడిన తండ్రులకంటే అసలు వాడని తండ్రుల కథలే ఎక్కువ వివరంగా చెప్పింది. యాజకుడు ఏలీ కొడుకులు దేవాలయంలోనే అక్రమాలు చేశారు. ఆయన మాటతో మందలించాడు, పదవి నుంచి మాత్రం అడ్డుకోలేదు. దేవుని తీర్పు అడ్డుకోనందుకు వచ్చింది (1 సమూయేలు 3:13). దావీదు తన కొడుకు అదోనియాను ఎందుకిలా చేస్తున్నావని ఎన్నడూ అడగలేదని 1 రాజులు 1:6 చెబుతుంది. ఆ కొడుకే తండ్రి బతికుండగా సింహాసనం మీద కన్నేశాడు.

ఈ రెండు కథల్లోనూ లోపం బెత్తం లేకపోవడం కాదు. ఇద్దరూ అడగాల్సిన ప్రశ్న అడగలేదు, ఆపాల్సిన చోట ఆపలేదు. కొట్టకూడదు అంటే ఏమీ అనకూడదని కాదన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సంఘ చరిత్రలో వినిపించిన గొంతులు

క్రైస్తవులంతా ఎప్పుడూ కొట్టడాన్ని సమర్థించారనుకోవడం పొరపాటు. నాలుగో శతాబ్దంలో యోహాను క్రిసోస్తము పిల్లల పెంపకం మీద ఒక గ్రంథం రాశాడు. పిల్లవాడికి దెబ్బ భయం ఉండవచ్చు గానీ మాటిమాటికీ కొట్టకూడదని, అలవాటైపోతే లెక్కచేయడని ఆయన సలహా. అగస్తీను తన 'ఒప్పుకోలు' గ్రంథంలో చిన్నప్పుడు బడిలో తిన్న దెబ్బలు తలుచుకున్నాడు. కొట్టకుండా చూడమని చిన్నవాడిగా దేవుణ్ణి వేడుకునేవాణ్ణని, పెద్దవాళ్ళు, చివరికి తల్లిదండ్రులు కూడా దాన్ని నవ్వులాటగా తీసుకున్నారని బాధగా రాశాడు. ఎన్నో ఏళ్ళు గడిచి బిషప్ అయ్యాక కూడా ఆ నవ్వు ఆయనకు గుర్తుంది.

పదకొండో శతాబ్దంలో అన్సెల్మ్ దగ్గరికి ఒక మఠాధిపతి వచ్చి, రాత్రింబగళ్ళు కొట్టినా మఠంలోని పిల్లలు ఇంకా చెడిపోతున్నారని మొరపెట్టుకున్నాడు. మొక్క నాటి నాలుగు వైపులా కొమ్మలు కదలకుండా బిగించేస్తే ఏడాది తర్వాత అది ఎలా ఉంటుందని అన్సెల్మ్ అడిగాడు. వంకర టింకరగా ఉంటుందని అతనే ఒప్పుకున్నాడు.

పదహారో శతాబ్దంలో లూథర్ ఇంటి పెద్ద తన వారికి నేర్పడానికే 1529లో చిన్న ప్రశ్నోత్తర గ్రంథం రాశాడు. చిన్నప్పుడు ఒక్క గింజ కోసం తల్లి రక్తం వచ్చేలా కొట్టిందని ఆయన భోజన సంభాషణల్లో ఉంది. బెత్తం పక్కన ఆపిల్ పండు కూడా ఉండాలని ఆయన అనేవాడు. 1732లో సుసన్నా వెస్లీ తన కుమారుడు జాన్ వెస్లీకి రాసిన ఉత్తరంలో పసితనంలోనే పిల్లల మొండితనాన్ని లొంగదీయాలని చెప్పింది. ఆ పద్ధతి మెథడిస్టుల్లో, ఇతర మిషన్ కుటుంబాల్లో ఎంతో ప్రభావం చూపింది. అయితే అదే ఉత్తరంలో తప్పు ఒప్పుకున్న పిల్లవాడిని కొట్టకూడదని, ఒకే తప్పుకు రెండుసార్లు శిక్షించకూడదని కూడా నియమాలున్నాయి. 1847లో అమెరికాలో హోరేస్ బుష్నెల్ 'క్రిస్టియన్ నర్చర్' రాస్తూ, పిల్లవాడు దెబ్బతో కాక ఇంటి వాతావరణంతో విశ్వాసిగా ఎదుగుతాడని వాదించాడు.

బాప్తిస్మం ముందా, నిర్ణయం ముందా?

మన ప్రాంతపు సంఘాల మధ్య ఉన్న ఒక పెద్ద తేడా ఇంటి అధికారం మీద కూడా పడుతుంది. కతోలికులు, లూథరన్లు పసిబిడ్డలకు బాప్తిస్మమిస్తారు. తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు బిడ్డ తరఫున విశ్వాసం ఒప్పుకుంటారు. బిడ్డ పుట్టుకతోనే సంఘంలో ఉంటాడు, పెంపకం అంటే ఆ విశ్వాసంలో ఎదిగించడం.

బాప్టిస్టులు, పెంతెకొస్తు వారు పసిబిడ్డను ప్రతిష్ఠిస్తారు గానీ బాప్తిస్మమివ్వరు. వయసొచ్చి సొంతంగా నిర్ణయించుకున్నాకే బాప్తిస్మం. అంటే ప్రార్థనకు కూర్చోమని తండ్రి చెప్పగలడు, నమ్మమని ఆజ్ఞాపించలేడు. ఇంటి అధికారం ఆగిపోయే గీత బాప్టిస్టు సిద్ధాంతంలోనే ఉంది. చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా రెండు పద్ధతులనూ అంగీకరిస్తుంది.

చట్టం గీసిన గీత

బడిలో: 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

పిల్లల సంరక్షణ గృహాల్లో: 2015 బాల న్యాయ చట్టం 82వ సెక్షన్ శారీరక దండనను నేరంగా చేసింది. అనాథ పిల్లల గృహాలు నడిపే సంఘాలకు, సంస్థలకు ఇది నేరుగా వర్తిస్తుంది. వార్డెను చేతిలో బైబిలు ఉన్నా బెత్తానికి అనుమతి లేదు.

ఇంట్లో: తల్లిదండ్రులు కొట్టడాన్ని పూర్తిగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. పన్నెండేళ్ళ లోపు పిల్లల మేలు కోసం సంరక్షకులు సదుద్దేశంతో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. పాత శిక్షాస్మృతిలో ఇది 89వ సెక్షన్. ప్రాణం తీయాలని చేసిన పనికి గానీ, కావాలని తీవ్రంగా గాయపరచడానికి గానీ ఆ రక్షణ వర్తించదు. బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, పిల్లల బాధ్యత తమ చేతిలో ఉన్నవారు వారిని హింసించినా, నిర్లక్ష్యం చేసినా మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఈ సెక్షన్ కన్న తల్లిదండ్రులను మినహాయించలేదు.

బయటి ప్రపంచంలో: ఇంట్లో కొట్టడాన్ని కూడా 1979లో స్వీడన్ నిషేధించింది, అలా చేసిన మొదటి దేశం అదే. లూథరన్ సంఘం బలంగా ఉన్న దేశమది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో భారత్ 1992 డిసెంబరులో చేరింది.

ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుకు రోజంతా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పిల్లలే చేయవచ్చు, పక్కింటివారైనా చేయవచ్చు.

మన ఇళ్ళలో మూడు భాషలు, ఒక అధికారం

బరంపురం తెలుగు కుటుంబాల్లో ఈ విషయానికి మరో ముడి ఉంది. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు. చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. కుటుంబ ప్రార్థనలో నాన్నమ్మ తెలుగు బైబిలు చదువుతుంది. పాత గ్రాంథికం పిల్లలకు సగమే అర్థమవుతుంది. తమను సరిదిద్దే గ్రంథాన్ని తామే చదివి చూసుకోలేని పిల్లలకు అది పెద్దల చేతిలోని బెత్తంలాగే కనిపిస్తుంది. 'లోబడు' అన్న మాట వినిపిస్తుంది, దాని పక్కనే తండ్రికి చెప్పిన మాట కనిపించదు.

రెండో వైపు, బ్యాంకులో, ఆసుపత్రిలో, బడి మీటింగులో ఒడియా కాగితం చదివి పెద్దలకు వివరించేది పిల్లలే. అక్కడ వాళ్ళే పెద్దవాళ్ళు. ఇంటికి రాగానే ఎదురు మాట్లాడవద్దంటే వారికి అది అర్థం కాదు. పెద్దలకూ లోపల చిన్నతనంగా ఉంటుంది. అలాంటి చిన్నతనం నుంచి వచ్చే కోపం తొందరగా చేతికి వస్తుంది. ఇది ఒప్పుకోవడానికి కష్టమైనా చాలా ఇళ్ళలో ఉన్న సంగతే.

ఇంకొకటి వలస. గంజాం నుంచి మగవాళ్ళు సూరత్ మగ్గాల దాకా వెళ్తారు. తీరం వెంట తెలుగు మత్స్యకార కుటుంబాల నుంచి దూరపు హార్బర్లకు పనికి పోయేవారు ఉన్నారు. తండ్రి అధికారం ఫోనులో మాట అవుతుంది. పండుగకు వచ్చినప్పుడు అమ్మ ఏడాది ఫిర్యాదులన్నీ చెబుతుంది, వచ్చిన నాలుగు రోజులూ ఆయన కొట్టే మనిషిగానే పిల్లలకు గుర్తుంటాడు. 'మీ నాన్న రానీ, చెబుతాను' అనే మాట మానుకోవడం ఇలాంటి ఇళ్ళలో తల్లి చేయగల మంచి పని. తల్లి బోధకు బైబిలు ఇచ్చిన స్థానం చూశాం కదా, ఆమె తీర్పు వాయిదా వేయనక్కర్లేదు.

ఇంట్లో మొదలుపెట్టదగినవి

సంఘ పెద్దలు, పాస్టర్లు, సండే స్కూలు టీచర్లు, తల్లిదండ్రులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఎఫెసీయులు 6:1–4ను నాలుగు వచనాలూ కలిపే పిల్లలకు నేర్పాలి. తండ్రి నాలుగోది తన నోటితో చదవాలి.

కుటుంబ ప్రార్థనలో ఒకే భాగాన్ని నాన్నమ్మ తెలుగులో, పిల్లవాడు ఒడియా బైబిల్లో చదవాలి. తెలుగులో శిక్ష అని వచ్చిన చోట ఒడియాలో ఏముందో పిల్లవాడినే చూసి చెప్పమనాలి. పెద్దలకు పిల్లలు చదివి వినిపించడం అక్కడ చిన్నతనం కాదు, ఆరాధన.

కోపం వచ్చిన గంటలో శిక్ష నిర్ణయించకూడదు. తప్పు ఒప్పుకున్న పిల్లవాడికి దాని మేలు దక్కాలి. పెద్దలు తప్పు చేసినప్పుడు పిల్లల ముందే క్షమాపణ అడగాలి. 1 తిమోతి 3:4 సంఘ నాయకుడు తన ఇంటిని చక్కగా ఏలాలని కోరింది, ఆ ఏలుబడిని పిల్లలే దగ్గరనుంచి చూస్తారు.

పిల్లల ఒంటి మీద దెబ్బల మచ్చలు కనిపిస్తే అది వారి ఇంటి విషయమని పాస్టరుగారు గానీ, టీచరు గానీ ఊరుకోకూడదు. యేసు పిల్లలను దగ్గరికి రానివ్వమని శిష్యుల మీద కోపపడ్డాడు (మార్కు 10:14). పిల్లలకు అడ్డుపడిన పెద్దల మీద ఆయనకు వచ్చిన కోపం అది.

ఈ రాత్రి ప్రార్థనకు కూర్చున్నప్పుడు పదో తరగతి చదివే పిల్లను అడిగి చూడండి, మీ బోర్డు పేరులో 'శిక్షా' అంటే ఏమిటమ్మా అని. ఆ పిల్ల చెప్పిన అర్థంతో ఎఫెసీయులు 6:4 మళ్ళీ చదవండి.